గుట్టు ఎక్కడ జారుతోంది: మా కర్నూలు క్లినిక్ రికార్డుల డైరీ

జనవరి 5, సోమవారం

పద్దెనిమిదేళ్లుగా కౌంటరు వెనక కూర్చున్నదాన్ని, ఈ రోజు ముందుకొచ్చి పేషెంట్ల బల్ల మీద కూర్చున్నాను. పది నుంచి పన్నెండు దాకా. చేతిలో ఒక లాంగ్ నోట్‌బుక్, పెన్ను. పోయిన నెల ఒక సాఫ్ట్‌వేరు కంపెనీ అబ్బాయి వచ్చి, తన ప్రోగ్రాము కొంటే పేషెంట్ల సమాచారమంతా భద్రంగా ఉంటుందని గంటసేపు చెప్పి వెళ్లాడు. మా డాక్టరు మేడమ్ అంతా విని, అతను వెళ్లాక నాతో అన్నారు: "అది తర్వాత చూద్దాం. మన దగ్గర్నుంచి పేషెంట్ల సంగతులు యాడెక్కడ బయటికి పోతున్నాయో ముందు నువ్వు చూడు."

ఆ రెండు గంటల్లో నా చెవిన పడినవి రాసుకున్నాను. గూడూరు నుంచి వచ్చిన ఒకాయనకు తిన్నాక షుగరు 380. ఎర్రచీర ఆమెకు ఇది మూడో గర్భస్రావం. ఇంటర్ చదివే ఒక అమ్మాయికి మూడు నెలలుగా నెలసరి రాలేదు. తెల్ల పంచె పెద్దాయనకు ఒంటికి ఆగట్లేదు. మొత్తం పదకొండు మంది. వీళ్లలో ఒక్కరూ నాతో నోరు విప్పలేదు. అన్నీ మావాళ్ల నోటి నుంచే విన్నాను. "షుగరు ఫైలు ఎవరిదమ్మా, బాగా పెరిగింది చూడు!" అని ల్యాబ్ తమ్ముడు. "నెలసరి పాప, నువ్వు రా లోపలికి" అని సిస్టర్. ఆ అమ్మాయి లేచి లోపలికి వెళ్లేటప్పుడు చున్నీ తల మీదికి లాక్కుంది. ఆ గొంతులు ఇన్నేళ్లూ నాకు పనిలో భాగంగానే వినబడ్డాయి. కౌంటరుకు ఇవతల కూర్చుంటే వేరుగా వినబడ్డాయి.

జనవరి 7

నోటుపుస్తకంలో క్లినిక్ బొమ్మ గీసి, కాగితం వెళ్లే దారి ఒక రంగుతో, మాట వెళ్లే దారి ఇంకో రంగుతో గీశాను. మొదట కౌంటరు మీద ఓపీ రిజిస్టర్. పేరు, వయసు, ఊరు, ఫోను నంబరు, జబ్బు, ఫీజు, అన్నీ ఒకే వరసలో. పేరు రాయించుకోవడానికి వంగిన ప్రతి మనిషీ పైన ఉన్న పది వరసలూ చదవగలడు. తర్వాత ల్యాబ్ రిపోర్టుల ట్రే. పళ్ల బండి మీద పళ్లు ఏరుకున్నట్టు ఎవరికి వాళ్లే వెతుక్కుంటారు. తమది దొరికే లోపు పక్కోళ్లవి నాలుగు చూస్తారు. ఆ తర్వాత డాక్టరు గది. టైము కలిసొస్తుందని ఒకేసారి నలుగురిని పంపుతాం. ఒకరు చూపించుకుంటుంటే ముగ్గురు స్టూళ్ల మీద వింటుంటారు. ఆపైన ఇంజెక్షన్ గది, మందుల షాపు, వాట్సాప్, అటక మీద గోనె సంచులు.

మాట వెళ్లే రంగు, కాగితం రంగు కంటే ఎక్కువ చోట్ల కనబడింది. కంప్యూటరు వంతు చివరికి గానీ రాలేదు.

జనవరి 9

డాక్టరు సార్‌తో కూర్చుని నియమాలు చదివాం. సార్ చదివి చెబుతుంటే నేను తెలుగులో రాసుకున్నాను.

2002 నాటి భారత వైద్య మండలి నియమావళి ప్రకారం డాక్టరు తన వృత్తిలో తెలుసుకున్న పేషెంటు రహస్యాన్ని బయటపెట్టకూడదు. దానికి మూడు మినహాయింపులు: జడ్జి ఆదేశిస్తే కోర్టులో, ఒక మనిషికో సమాజానికో నిజంగా పెద్ద ప్రమాదం ఉంటే, ప్రభుత్వానికి తప్పక తెలియజేయాల్సిన జబ్బులైతే. క్షయ ఆ మూడో కోవలోదే. 2012 నుంచి ప్రైవేటు డాక్టర్లు కూడా టీబీ కేసులు తెలియజేయాలి, మేము ప్రభుత్వం వాళ్ల టీబీ వెబ్‌సైటు నిక్షయ్‌లో ఎక్కిస్తున్నాం. అదే నియమావళిలో ఇంకో మాట ఉంది. పేషెంటు గానీ, ఆయన అధికారం ఇచ్చిన మనిషి గానీ రికార్డులు అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలి. ఇది విని నేను కొంచెం సిగ్గుపడ్డాను. అడిగే హక్కు లేని పెళ్లిపెద్దకు చెప్పేశాం గానీ, తన కాగితాలే అడిగిన పేషెంటును మాత్రం "రేపు రాండి, ఎల్లుండి రాండి" అని తిప్పుకున్నాం.

కొత్తది 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం. కంప్యూటరులో, ఫోనులో ఉన్న సమాచారానికి వర్తిస్తుంది. కాగితం మీద రాసి తర్వాత కంప్యూటరులోకి ఎక్కించినా వర్తిస్తుంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, మాలాంటి వాళ్ల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకు పద్దెనిమిది నెలల గడువు ఉంది. సరైన కాపలా పెట్టక సమాచారం పోగొట్టుకుంటే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చట. ఆ అంకె విని కాంపౌండరు అన్న నోరెళ్లబెట్టాడు. నాకు మాత్రం ఆ చున్నీ లాక్కున్న అమ్మాయే గుర్తుంది.

సార్ చివర్లో చెప్పింది నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను. చరక సంహిత విమాన స్థానంలో, వైద్యం నేర్చుకోవడానికి వచ్చిన శిష్యుడికి గురువు చెప్పే నియమాల్లో ఇది కూడా ఉందట: రోగి ఇంట్లోకి వెళ్లాక అక్కడి సంగతులు బయటికి మోయకూడదు.

జనవరి 19, సోమవారం

సంక్రాంతి అయ్యింది. ఓపీ మళ్లీ నిండింది. కౌంటరు పని మొదలుపెట్టాం.

రిజిస్టర్‌లో జబ్బు గడి తీసేశాం. జబ్బు ఇక కేస్ షీట్‌లోనే, అదీ లోపల సిస్టర్ రాస్తుంది. రాసిన వరసలు కప్పడానికి ఒక అట్టముక్క పెట్టాం. బళ్లో పిల్లలు పక్కోడు కాపీ కొట్టకుండా అట్ట అడ్డం పెట్టుకున్నట్టే, పెద్ద విద్య ఏమీ లేదు. రిపోర్టుల ట్రే కౌంటరు కిందికి పోయింది. బిల్లు చూపించి, పేరూ పుట్టిన సంవత్సరమూ చెబితేనే కవరులో పెట్టి ఇస్తాం. పుట్టిన సంవత్సరం ఎందుకంటే, మా ప్రాంతంలో మద్దిలేటి, ఈరన్న, మహబూబ్ అనే పేర్లు ఇంటింటికీ ఉంటాయి. ఈ రోజు ఒక్కరోజే ముగ్గురు మద్దిలేట్లు వచ్చారు, అందులో ఇద్దరిది ఒకే ఊరు. పుట్టిన సంవత్సరం తెలియని పెద్దవాళ్లను కొడుకు పేరో భర్త పేరో అడుగుతున్నాం.

పేర్లు మాని టోకెన్ నంబర్లతో పిలవాలని పెట్టిన పద్ధతి మాత్రం మధ్యాహ్నానికే బెడిసికొట్టింది. కోడుమూరు నుంచి వచ్చిన ఒక అవ్వ నంబరు పిలిస్తే లేవలేదు. నాలుగోసారికి నేనే దగ్గరికెళ్లి "అవ్వా, నీదే నంబరు" అన్నాను. "నాకు పేరు లేదా? నంబరుతో పిలిచేదానికి నేనేమన్నా జైల్లో ఉన్నానా?" అంది. అవ్వ చెప్పింది సబబే అనిపించింది. పేరు దాచాల్సిన అవసరం లేదు, పేరుతో పాటు జబ్బు పిలవకుండా ఉంటే చాలు. సాయంత్రం అందరికీ చెప్పాను: పేరు పెట్టి, వరస కలిపి, మర్యాదగా పిలవండి. "అవ్వా", "అన్నా", "చాచా", "అమ్మా". ఫైలు చేతిలో పట్టుకుని ఆ రెండో మాట మాత్రం పలకొద్దు. మేడమ్ గది దగ్గర మాత్రం టోకెన్లే ఉంచాం. అక్కడికి వచ్చే ఆడపిల్లలు అదే కావాలన్నారు.

జనవరి 24

గదిలోకి ఒక్కొక్కరినే పంపడం మొదలై ఐదు రోజులు.

మొదట సార్ ఒప్పుకోలేదు. "రోజుకు అరవై డెబ్బై మంది. ఒకరు బయటికెళ్లి, ఇంకొకరు లోపలికొచ్చి కూర్చునే లోపు నిమిషం. ఆ లెక్కన గంట ఎక్కువ పడుతుంది" అన్నారు. ఆ మాట నిజమే. తలుపు బయట రెండు కుర్చీలు వేసి, బీపీ, బరువు, జ్వరం అక్కడే చూసి రాసి పంపుతున్నాం. అయినా రోజుకు నలభై నిమిషాలు ఎక్కువే పడుతోంది. ఒంటిగంటకు మూసే ఓపీ రెండు కావొస్తోంది. ల్యాబ్ తమ్ముడి అన్నం క్యారియరు చల్లారిపోతోంది.

కానీ నాలుగో రోజు సార్ నన్ను పిలిచి ఒక సంగతి చెప్పారు, పేరు చెప్పకుండానే. మూడేళ్లుగా వస్తున్న ఒక మనిషి షుగరు మందు వాడుతున్నా తగ్గట్లేదు. ఇన్నాళ్లూ "వేసుకుంటున్నా సార్" అనేవాడు. ఈసారి గదిలో ఒక్కడే ఉన్నాడు. తలుపు వేశాక చెప్పాడట, రోజూ తాగుతాడు, తాగిన రాత్రి మాత్ర వేసుకోడు. పక్కన స్టూలు మీద వాళ్ల ఊరి మనుషులు కూర్చుని ఉంటే ఆ మాట ఎట్లా చెబుతాడు? మూడేళ్లు మందు మార్చుకుంటూ పోయాం. నలభై నిమిషాల గురించి సార్ మళ్లీ మాట్లాడలేదు.

కూడా వచ్చేవాళ్ల సంగతి ఇంకా తేలలేదు. మా దగ్గర పేషెంటు ఒక్కడే రాడు. భార్య, అత్త, బావమరిది, ఊరి పెద్ద ఆటోలో కలిసి వస్తారు. వాళ్లను బయటే ఆపితే పేషెంటుకే భయం వేస్తుంది, కొందరికి వాళ్లు లేకపోతే చెప్పింది అర్థం కాదు. అందుకే ఒక పద్ధతి పెట్టాం: మొదటి ఐదు నిమిషాలు పేషెంటు ఒక్కరే. ఆ తర్వాత "మీవాళ్లను ఎవర్ని పిలవమంటారు?" అని సార్ అడుగుతారు. పేషెంటు చెప్పిన పేరు కేస్ షీట్ పైన రాస్తాం: ఎవరికి చెప్పొచ్చు అని ఒక గడి. ఒక కోడలు ఆ గడిలో తన భర్త పేరు కాకుండా తన అక్క పేరు చెప్పింది. అత్త బయట నిలబడి నన్ను అడిగింది, "ఏమంట?" నేను "మీ కోడలినే అడగమ్మా" అన్నాను. ఆ చూపు నాకు నచ్చలేదు గానీ ఓర్చుకున్నాను.

జనవరి 30

ఈ రోజు గొడవ జరిగింది. జరగాల్సిన గొడవే.

మా కేస్ షీట్ల అట్ట మీద, హెచ్‌ఐవీ గానీ హెపటైటిస్ బీ గానీ ఉన్నవాళ్లకు, ఎర్ర స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలతో రాయడం పాత అలవాటు. బెడ్డు దగ్గర వేలాడే ఫైలు మీద కూడా అదే. పలకరించడానికి వచ్చిన ప్రతి చుట్టానికీ మొదట కనబడేది ఆ ఎర్ర రాతే. తీసేద్దామన్నాను. పెద్ద సిస్టర్‌కు కోపం వచ్చింది. "సూది గుచ్చుకుంటే నీకు కాదు, నాకు గుచ్చుకుంటాది. తెలియకపోతే నేనెట్ల జాగ్రత్తపడాల?" ఆమె ఇరవై రెండేళ్లుగా సూదులు వేస్తోంది. ఆ భయాన్ని తక్కువ చేసి మాట్లాడే అర్హత నాకు లేదు.

మేడమ్ వచ్చి నెమ్మదిగా చెప్పారు. ఎర్ర రాత ఉన్నవాళ్ల దగ్గర గ్లౌజులు వేసుకుని, రాత లేనివాళ్ల దగ్గర వేసుకోకపోతే, పరీక్షే చేయించుకోనివాళ్ల సంగతేంటి? ఆ రాత మనకు కాపలా కాదు, కాపలా అని మనం అనుకుంటున్నాం, అంతే. అందరి దగ్గరా గ్లౌజులు, వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకుండా వెంటనే కట్టర్‌లో తుంచడం, రక్తం ఎవరిదైనా ఒకే జాగ్రత్త. 2017 హెచ్‌ఐవీ చట్టం ఆసుపత్రులు సిబ్బందికి ఇలాంటి రక్షణ సామాను ఇవ్వాలనీ చెబుతుంది, ఆ మనిషి ఒప్పుకోకుండా అతని జబ్బు సంగతి బయటపెట్టకూడదనీ చెబుతుంది. రెండూ ఒకే చట్టంలో ఉండడం నాకు బాగా నచ్చింది.

పెద్ద సిస్టర్ ఒక షరతు పెట్టింది: గ్లౌజుల డబ్బా ఏ రోజూ ఖాళీ కాకూడదు. ఆ షరతు నా నెత్తిన వేసుకున్నాను. సాయంత్రం ఆమే కూర్చుని పాత అట్టలు చించి కొత్త అట్టలు కుట్టింది.

ఫిబ్రవరి 4

వాట్సాప్.

ల్యాబ్ తమ్ముడి సొంత ఫోనులో పద్నాలుగు నెలల రిపోర్టుల ఫొటోలు ఉన్నాయి. వాళ్ల పాప పుట్టినరోజు ఫొటోల మధ్యలో ఎవరిదో థైరాయిడ్ రిపోర్టు. ఇంట్లో ఆ ఫోను పిల్లల చేతిలో ఉంటుంది. తప్పు అతనిది కాదు, క్లినిక్‌కంటూ ఒక ఫోను కొనివ్వని మాది. ఈ రోజు కొన్నాం. అది కౌంటరు దాటి పోదు, రాత్రి బీరువాలో పెట్టి తాళం వేస్తాం. సిబ్బంది ఫోనుల్లోని పాత ఫొటోలు ఎవరివి వాళ్లే నా ముందు కూర్చుని తీసేశారు. గ్యాలరీలో తీసేశాక చెత్తబుట్ట ఫోల్డరులో ఉన్నవి కూడా తీసేయాలని ల్యాబ్ తమ్ముడే గుర్తు చేశాడు.

అసలు చిక్కు నంబర్లతో. పోయిన ఏడాది ఒక అంకె తప్పు రాయడం వల్ల ఒక గుండె పరీక్ష రిపోర్టు ఆదోనిలో ఒక పత్తి వ్యాపారికి వెళ్లింది. ఆయన మంచివాడు, ఫోను చేసి "అమ్మా, ఇది నాది కాదు, ఎవరో కంగారు పడుతుంటారు చూడండి" అన్నాడు. ఇప్పుడు ముందు ఒక మామూలు మెసేజ్ పంపి, పేషెంటు మా ముందే తన ఫోనులో చూపించాకే రిపోర్టు పంపుతున్నాం. సొంత ఫోను లేనివాళ్లు చాలామంది. వాళ్లు ఇచ్చేది కొడుకుదో, పక్కింటి వాళ్లదో, ఊరి ఆర్ఎంపీ డాక్టరుదో నంబరు. ఆర్ఎంపీకి పంపడానికి పేషెంటు తనంతట తాను ఒప్పుకుంటే పంపుతాం. ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు కూడా, ఊర్లో రాత్రిపూట దిక్కు ఆయనే కదా. కానీ గర్భం, హెచ్‌ఐవీ, మనసుకు సంబంధించిన జబ్బులు, వీటి కాగితాలు ఎవరి ఫోనుకూ పంపం. మనిషి చేతికే ఇస్తాం.

ఒక ఆర్ఎంపీ అన్న దీనికి ఒప్పుకోలేదు. "నేను తెచ్చిన పేషెంటు రిపోర్టు నాకియ్యరా?" అని ఫోనులో గట్టిగా మాట్లాడాడు. ఆయన దగ్గర్నుంచి వారానికి పది మంది దాకా వచ్చేవాళ్లు. సార్‌కు చెప్పాను. సార్ కాసేపు ఊరుకుని "పోనీలేమ్మా" అన్నారు.

ఫిబ్రవరి 9, సోమవారం

మా మరిది చేత క్లినిక్‌కు ఐదు ఫోన్లు చేయించాను. ముందుగా కొందరు పేషెంట్ల దగ్గర ఒప్పుకోలు తీసుకునే చేయించాను. ఒకసారి మేనమామ, ఒకసారి బ్యాంకు ఉద్యోగి, ఒకసారి బీమా ఏజెంటు, ఒకసారి పక్క ఆసుపత్రి డాక్టరు, ఒకసారి "నేను ఆమె భర్తను". ఐదింటిలో మూడుసార్లు మావాళ్లు చెప్పేశారు. డాక్టరునని ఇంగ్లీషులో అడిగినప్పుడైతే ఫైలు తెచ్చి చదివి వినిపించారు.

సాయంత్రం అందరినీ కూర్చోబెట్టాను. ఎవరినీ తిట్టలేదు. తిట్టే హక్కు నాకు లేదని, ఎందుకో ఈ రోజు మొదటిసారి చెప్పాను.

నేను చేరిన మూడో ఏడు. కౌంటరు దగ్గరికి ఒక పెద్దామె వచ్చింది. చేతిలో పూల పొట్లం, నవ్వు మొహం. ఒక అమ్మాయి పేరు చెప్పి "మా పాపే. ఆ మాత్రలు ఇంకా ఎన్నాళ్లు వాడాలంట? నాకు మతికి ఉండి చావదు" అంది. నేను ఫైలు తీసి, ఫిట్స్ మాత్ర పేరు చెప్పి, ఇంకో రెండేళ్లు ఆపకుండా వాడాలని కూడా చెప్పాను, మంచి చేస్తున్నాననుకుని. ఆమె పెళ్లికొడుకు తరఫు మేనత్త. సంబంధం చెడిపోయింది. పది రోజుల తర్వాత ఆ అమ్మాయి తల్లి వచ్చింది. అరవలేదు. కౌంటరు పట్టుకుని నిలబడి "నువ్వు మా ఊరి పిల్లవే కదమ్మా" అని, ఫైలు అడిగి తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ మా క్లినిక్‌కు రాలేదు. ఆ అమ్మాయి మందు ఆపిందో, ఇంకో చోట చూపించుకుందో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఇది విన్నాక ఎవరూ మాట్లాడలేదు. పెద్ద సిస్టర్ మాత్రం నా గ్లాసులో ఇంకొంచెం టీ పోసింది.

ఫిబ్రవరి 17

శివరాత్రి వెళ్లిన మూడో రోజు, ఓపీ పలచగా ఉంది. అటక దింపాం.

పదిహేడు గోనె సంచులు, రెండు ట్రంకు పెట్టెలు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడ్డప్పుడు మా క్లినిక్ పాత ఊర్లో ఉండేది. నీళ్లు తీశాక లోపలికెళ్తే బీరువాలో ఫైళ్లు తడిసి ముద్ద అయ్యాయి, అట్టలు విప్పితే అక్షరాలు బురదతో పాటు చేతికి అంటుకున్నాయి. గుండె ఆపరేషన్ అయినవాళ్లు, నెలలు నిండినవాళ్లు వచ్చి "నా కాగితాలున్నాయా?" అని అడిగారు. లేవని చెప్పడం ఎంత కష్టమో ఆ నెలంతా చూశాను. గుట్టు కాపాడడమంటే ఎవరికీ చెప్పకపోవడమే కాదు, కావాల్సిన రోజున కాగితం ఉండాలి కూడా. ఆ భయంతోనే తర్వాత దేన్నీ పారేయలేదు. అన్నీ అటకెక్కించాం. ఎలుకలు చదివాయి.

సార్ రాసిచ్చిన లెక్క ప్రకారం వేరు చేశాం. బెడ్డు పేషెంట్ల రికార్డులు వైద్యం మొదలైన రోజు నుంచి మూడేళ్లు ఉంచాలి. గర్భిణుల స్కానింగ్‌కు నింపే ఎఫ్ ఫారాలు రెండేళ్లు, కేసు ఏదైనా నడుస్తుంటే అది తేలేదాకా. గర్భస్రావాల రిజిస్టర్ వేరే లెక్క. అది రహస్య పత్రం, అది ఏ సంవత్సరానిదో ఆ సంవత్సరం ముగిసిన దగ్గర్నుంచి ఐదేళ్లు ఉంచాలి. దాన్ని మేము ఇన్నాళ్లూ మామూలు రిజిస్టర్లతో పాటు బల్ల సొరుగులో పెట్టాం. ఈ రోజు నుంచి మేడమ్ గదిలో తాళంలో ఉంటుంది, తాళంచెవి మేడమ్ దగ్గరే. పోలీసు కేసులున్న ఫైళ్లు పక్కన పెట్టాం. మిగతా మూడేళ్లు దాటినవాటిని వెంటనే తీసేయలేదు. షుగరు, గుండె, ఫిట్స్ లాంటి జబ్బులకు పాత కాగితం పనికొస్తుంది కాబట్టి పేషెంట్లకు ఫోను చేసి, కావాలంటే వచ్చి తీసుకెళ్లమన్నాం.

పనికిరానివాటిని ఇంతకు ముందు కిలోల లెక్కన పాత కాగితాల షాపుకు వేసేవాళ్లం. అవి పొట్లాలయ్యి ఊరంతా తిరిగి ఉంటాయి, తలుచుకుంటే మనసు బాగోలేదు. ముక్కలు చేసే చిన్న మిషను కొన్నాం గానీ అది పది నిమిషాలకోసారి వేడెక్కి ఆగిపోతోంది. ఆయమ్మ ఉపాయం చెప్పింది. మేడ మీద రెండు డ్రమ్ముల్లో నీళ్లు పోసి కాగితాలు నానబెట్టి, మూడోరోజు కర్రతో కుమ్మితే గుజ్జు. అది ఆరబెట్టి పొయ్యిలోకి వాడుకుంటానంది. ఆరు సంచులు అట్లా అయ్యాయి.

ఎక్స్‌రే ఫిల్ములు వేరు. వాటిలో వెండి ఉంటుందని కొనేవాళ్లు ఇంటికొచ్చి మరీ అడుగుతారు. ప్రతి ఫిల్ము మూలలో పేరు, వయసు, తేదీ ఉంటాయి. ఆ మూలలన్నీ కత్తిరించాకే ఇచ్చాం. నా బొటనవేలు బొబ్బెక్కింది.

ఫిబ్రవరి 26

కంప్యూటరు వంతు. అందరికీ ఒకే పాస్‌వర్డు, అదీ మానిటరుకు అంటించి ఉంది. పీకేశాం. ఇప్పుడు మనిషికో లాగిన్. కౌంటరుకు పేరు, టోకెను, బిల్లు మాత్రమే కనబడతాయి, ల్యాబ్‌కు పరీక్షలు, డాక్టర్లకు అంతా. రెండు నిమిషాలు ముట్టకపోతే తెర మూసుకుంటుంది. రోజూ రాత్రి తాళం వేసిన హార్డ్‌డిస్కులోకి కాపీ, వారానికోసారి రెండో డిస్కు మేడమ్ ఇంటికి. వాళ్ల ఇల్లు ఎత్తులో ఉంది, వరద చూసినవాళ్లం కదా.

ఈ పనిలోనే బయటపడింది: ఇంజెక్షన్ గదిలో సీసీ కెమెరా ఉంది. మందుల దొంగతనం జరిగినప్పుడు పెట్టాం, మర్చిపోయాం. దాని తెర మందుల షాపులో, బిల్లు కొట్టే అబ్బాయి వెనక. నడుముకు ఇంజెక్షన్ వేయించుకునే ఆడవాళ్లందరూ అందులో కనబడతారు. నేను చూసింది చూసినట్టే వెళ్లి వైరు పీకేశాను, సార్‌ను తర్వాత అడిగాను. రికార్డింగు మేడమ్ ముందే చెరిపేశాం. మందుల బీరువాకు రెండు తాళాలు పెట్టాం. దొంగతనం ఆపడానికి అదే సరిపోతుందని ఎందుకు అప్పుడు తోచలేదో.

మార్చి 5

తెలుగు నోటీసు రాశాం. కొత్త చట్టం ప్రకారం సమాచారం దేనికి తీసుకుంటున్నామో జనానికి తెలిసే భాషలో చెప్పాలి, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో అడిగిన దాంట్లో ఇవ్వాలి. ఒకచోట దొరికిన తెలుగు నమూనా చదివితే నాకే అర్థం కాలేదు. మేము రాసింది ఇది:

"మీరు చెప్పే సంగతులు, మీ పరీక్షల ఫలితాలు మీ వైద్యానికే వాడతాం. మీరు చెప్పమన్న మనిషికి తప్ప ఇంకెవరికీ చెప్పం. కొన్ని జబ్బుల సంగతి చట్టప్రకారం ప్రభుత్వానికి తెలపాలి, అప్పుడు మీకు ముందే చెబుతాం. మీ కాగితాల నకలు ఎప్పుడైనా అడగండి, మూడు రోజుల్లోపు ఇస్తాం. తప్పు ఉంటే దిద్దమని అడగండి. మా వల్ల మీ గుట్టు బయటపడితే మీకు మేమే చెబుతాం."

చివరి వాక్యం దగ్గర సార్ చాలాసేపు ఆగారు. ఉంచారు. ఉర్దూలో కాంపౌండరు అన్న రాశాడు. చదవలేనివాళ్లకు సిస్టర్ చదివి వినిపిస్తుంది. ప్రభుత్వ ఆరోగ్య ఖాతా అయిన ఆభా నంబరు గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. ఆ పద్నాలుగు అంకెల కార్డు చేయించుకోవడం మీ ఇష్టం, అది లేకపోయినా ఇక్కడ వైద్యం ఆగదని చెబుతున్నాం.

మార్చి 12

వెల్దుర్తి నుంచి ఒక పెద్దాయన. భార్యను హైదరాబాదు నిమ్స్‌కు తీసుకెళ్లాలి, నాలుగేళ్ల కాగితాలు కావాలి. ఆమె వేలిముద్ర వేసిన చీటీ తెచ్చాడు. మధ్యాహ్నానికి ఇచ్చేశాం. "ఇంత జెప్పున ఇస్తారని తెలిస్తే బస్సుకు టికెట్టు చేయించుకునేవాణ్ని" అన్నాడు. ఆ ఆర్ఎంపీ అన్న నిన్న ఇద్దరు పేషెంట్లను పంపాడు. ఏమీ మాట్లాడలేదు, మేమూ ఏమీ అడగలేదు.

మార్చి 17

ఎల్లుండి ఉగాది. శ్రీశైలానికి నడిచిపోయే కన్నడ భక్తులు కాళ్లకు బొబ్బలతో వస్తున్నారు, కట్లు కట్టి పంపుతున్నాం.

మధ్యాహ్నం ఒక ఆడమనిషి, మగమనిషి వచ్చారు. కౌంటరులో కొత్తగా చేరిన అమ్మాయి ఉంది. నేను పక్క గదిలో బిల్లులు చూస్తున్నాను. ఒక అమ్మాయి పేరు చెప్పి "మీ దగ్గరే చూపించుకుంటాదంట కదా, సంబంధం చూస్తున్నాం, ఏమన్నా ఉందా?" అని నేరుగానే అడిగారు. మా కొత్త అమ్మాయి తడుముకోకుండా "పేషెంట్ల సంగతి బయటివాళ్లకు చెప్పమమ్మా" అంది. నేను లోపల కూర్చుని సంతోషపడేలోపే ఆ ఆడమనిషి అంది: "చెప్పమంటే, ఏదో ఉన్నట్టే కదా."

నా చేతిలో బిల్లు కింద పడింది. మేము నేర్పిన జవాబే ఆ పిల్ల చెప్పింది. ఆ జవాబులోనే ఆ అమ్మాయి మా పేషెంటు అని ఒప్పుకున్నట్టుంది. వాళ్లు అప్పటికే మెట్లు దిగుతున్నారు. వెనకాలే వెళ్లి ఆపాను. "అక్కా, ఏ పేరు చెప్పినా మేము అదే అంటాం. మా ఇంట్లోవాళ్ల పేరు చెప్పి అడిగినా అదే అంటాం. ఆ పేరు మా పుస్తకంలో ఉందో లేదో కూడా మేము చూడం" అన్నాను. నమ్మారో లేదో మొహం చూస్తే తెలియలేదు.

సాయంత్రం మేడమ్, నేను, పెద్ద సిస్టర్, ఆ కొత్త అమ్మాయి కూర్చుని జవాబు మార్చాం. పేరు పూర్తిగా వినకముందే చెప్పాల్సిన జవాబు. "ఇక్కడికి ఎవరొస్తారో, ఎవరు రారో కూడా మేము ఎవరికీ చెప్పం. మీరు అడిగినా అంతే, మిమ్మల్ని గురించి వేరేవాళ్లు అడిగినా అంతే." అట్టముక్క మీద రాసి కౌంటరు లోపలివైపు, ఫోను పక్కన అంటించాం. పెద్ద సిస్టర్ పెళ్లిపెద్దలా ముందు నిలబడి, గొంతు మార్చి మార్చి అడిగింది. కొత్త అమ్మాయి ఆరుసార్లు చెప్పింది. నాలుగోసారి దాకా గొంతు వణికింది.